క్రిప్టో వ్యాపారము: కంటికి కనబడని ఖర్చులు

సెల్ ఫోను లేని యిల్లు నేడు పల్లెలలో అరుదు. ధాన్యము ధర, వాన కబురు, బ్యాంకులో పడిన జమ, ఇవన్నియు అందులోనే చూచుకొనుచున్నాము. ఆ ఫోను ద్వారానే మరియొక వ్యాపారమును గ్రామములకు వచ్చి చేరినది. బిట్‌కాయిన్, ఈథర్, టెథర్ మున్నగు పేర్లతో చలామణి యగుచున్న క్రిప్టో కరెన్సీలను కొనుట, అమ్ముట అను వ్యాపారమది. చదువు ముగించి ఉద్యోగమునకై ఎదురు చూచుచున్న యువకులు దీనియందు ఎక్కువ ఆసక్తి చూపుచున్నారు. ఇంటి పెద్దలకు సంగతి ఆలస్యముగా తెలియును. తెలిసిన పిదప వారు వెదకుకొని వచ్చునది పంచాయతీ సభ్యుని వద్దకే. "ఇది మంచిదా, చెడ్డదా?" అని వారడుగుదురు.

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము చెప్పుట కష్టము. బిట్‌కాయిన్‌ను పదేండ్ల క్రిందట కొని కదపక ఉంచినవారు గొప్ప లాభము పొందిన మాట నిజము. దానిని అబద్ధమని వాదించినచో యువకులు మన తక్కిన మాటలను కూడ వినరు. కాని "దీనికి అయ్యెడి ఖర్చెంత?" అను మరియొక ప్రశ్న కలదు. దీనికి మాత్రము లెక్క కట్టి సమాధానము చెప్పవచ్చును. లాభము వచ్చునో రాదో ఎవరును చెప్పజాలరు గాని, ఖర్చు తప్పక వచ్చును. ఆ ఖర్చులలో చాల భాగము ఫోను తెరపై కనబడదు. సభ్యులు తెలిసికొనవలసినది ముఖ్యముగా ఇదియే.

ముందుగా ఈ నాణెముల స్వరూపమును గూర్చి రెండు మాటలు. సతోషి నకమోతో అను మారుపేరుతో 2008లో వెలువడిన ఒక పత్రమునుబట్టి బిట్‌కాయిన్ 2009 జనవరిలో ప్రారంభమైనది. ఇది చేతితో పట్టుకొను నాణెము కాదు. లోకమందలి వేల కంప్యూటర్లలో ఏక కాలమున వ్రాయబడు ఒక ఖాతా పుస్తకములోని పద్దు. మొత్తము రెండు కోట్ల పది లక్షల బిట్‌కాయిన్లకు మించి పుట్టకుండ దాని నియమము ఏర్పరుపబడినది. దాని వెనుక పొలము గాని, బంగారము గాని, ఏ ప్రభుత్వపు పూచీ గాని లేదు. రేపు కొనువాడు ఇచ్చునదే దాని ధర.

మన దేశములో ఇది చట్టసమ్మతమైన ద్రవ్యము కాదు. కిరాణా కొట్టువాడు దీనిని పుచ్చుకొని తీరవలెనని ఎవరును నిర్బంధింపలేరు. అట్లని కొనుట అమ్ముటలు నిషేధింపబడియు లేవు. రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరులోనే దీని అపాయములను గూర్చి ప్రజలను హెచ్చరించినది. ఈ వ్యాపారమునకు బ్యాంకులు సేవలందింపరాదని 2018 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు ఇచ్చిన ఉత్తరువును సుప్రీం కోర్టు 2020 మార్చి 4న కొట్టివేసినది. 2022లో కేంద్ర ప్రభుత్వము దీనిపై పన్ను విధించినది. 2023 మార్చి నుండి ఈ వ్యాపార సంస్థలు అక్రమ ధన చలామణి నిరోధక చట్టము క్రిందికి తీసికొని రాబడినవి. పన్ను విధింపబడినది గనుక ప్రభుత్వము దీనికి జామీను నిలిచినదని కొందరు ఏజెంట్లు చెప్పుచున్నారు. అది సరికాదు. గుర్రపు పందెములలో గెలిచిన సొమ్ముపైనను పన్ను కలదు; గుర్రమునకు ప్రభుత్వము జామీను కాదు గదా! రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న ప్రజల వాడుకకై ప్రయోగాత్మకముగా ప్రారంభించిన డిజిటల్ రూపాయి వేరు. అందులో రూపాయి యెప్పుడును రూపాయియే. దానిని ఈ నాణెములతో కలిపి చూడరాదు.

ఇక ఖర్చుల సంగతి. గుంటూరు మిరప యార్డుకు గాని, వరంగల్ ఎనుమాముల మార్కెట్టుకు గాని సరకు తోలిన రైతు పాటలో పలికిన ధరను చూచి సంబరపడి ఊరుకొనడు. కమీషను, హమాలీ, కాటా కూలి, బస్తా, తరుగు, బండి బాడుగ, ఇవన్నియు పోగా చేతికి వచ్చునదెంత అని వ్రేళ్లపై లెక్క వేసికొనును. తరతరముల అనుభవము నేర్పిన లెక్క యిది. ఆ రైతు కుమారుడే ఫోనులో నాణెమును కొనునప్పుడు ఈ లెక్క వేయుట లేదు. అక్కడ దళారి కనబడడు, కాటా కనబడదు, హమాలీ కనబడడు. వారందరును ఆ తెర వెనుకనే యున్నారు.

మొదటి కోత ధరలోనే దాగియున్నది. పాత బంగారమునకు అంగడివాడు ఇచ్చు ధర వేరు, మనకు అమ్మునప్పుడు పుచ్చుకొను ధర వేరు అని మన స్త్రీలందరికిని తెలియును. నాణెముల విషయమునను అంతియే. ఒకే నిమిషమున కొనుగోలు ధర కొంచెము హెచ్చుగను, అమ్మకపు ధర కొంచెము తక్కువగను ఉండును. పేరుపొందిన నాణెములలో ఈ తేడా స్వల్పము. కొనువారు అమ్మువారు పలుచగా నుండు చిన్న నాణెములలోను, "ఒక్క నొక్కుతో కొనుడు" అను సదుపాయములలోను ఇది నూటికి ఒకటి, రెండు, అంతకు మించియు ఉండవచ్చును. "రుసుము లేదు, ఉచితము" అని ప్రకటించు సంస్థ తన రాబడిని ఈ తేడాలోనే చూచుకొనుట సాధారణము. ఉచితమను మాట తాటికాయంత అక్షరములలోను, తక్కినది చీమ తలకాయంత అక్షరములలోను అచ్చగును. ప్రచార శాఖలో పనిచేయు మాబోటివారికి చిన్న అక్షరముల మహిమ తెలియనిది కాదు.

రెండవ కోత రుసుము. కొన్నప్పుడొకమారు, అమ్మినప్పుడొకమారు సంస్థ దీనిని తీసికొనును. ఇది సాధారణముగా నూటికి పది పైసల నుండి అర్ధ రూపాయి వరకు ఉండును. ఆ రుసుముపై నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. అదనము. మూడవ కోత టి.డి.ఎస్. నాణెమును అమ్మిన ప్రతిసారియు అమ్మకపు మొత్తములో నూటికి ఒక రూపాయి పన్ను ఖాతాకు పట్టుకొనబడును. ఇది 2022 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. స్వల్ప మొత్తములకు చట్టములో కొంత మినహాయింపు కలదు. ఇది లాభముపై పట్టుకొనునది కాదు. మొత్తము అమ్మకముపై పట్టుకొనునది. నష్టమునకు అమ్మినను పట్టుకొందురు.

వీనినన్నిటిని ఒకచోట చేర్చి చూతము. ఒక యువకుడు 10,000 రూపాయలతో నాణెము కొనెననుకొనుడు. రుసుము నూటికి అర్ధ రూపాయి, జి.ఎస్.టి.తో కలిపి 59 పైసలు. కొనునప్పుడు ధర నూటికి ఒకటి హెచ్చు, అమ్మునప్పుడు నూటికి ఒకటి తక్కువ. నాణెము అసలు ధర ఒక్క పైసయు మారకుండగనే అతడు దానిని తిరిగి అమ్మివేసెను. కొన్నప్పటి రుసుము 59 రూపాయలు, ధరల తేడా వలన 197, అమ్మినప్పటి రుసుము 57, టి.డి.ఎస్. 97. వెరసి 410 రూపాయలు. చేతికి వచ్చినది 9,590. ధర కదలకయే నాలుగు వందల పది రూపాయలు కదలిపోయినవి!

ఇందులో టి.డి.ఎస్. సొమ్ము పోయినట్లు కాదు, అది అతని పాన్ నంబరుపై జమయగును. దాని సంగతి ముందు చెప్పుదుము. దానిని మినహాయించినను అతడు పెట్టిన పదివేలు పదివేలుగా నిలువవలెనన్నచో నాణెము ధర నూటికి మూడు రూపాయలకు పైగా పెరుగవలెను. లాభము ఆ తరువాత మాట.

ఒక్కసారి కొని ఏండ్ల తరబడి ఉంచువానికి ఇది పెద్ద భారము కాదు. ఈ కోత రోజుకు రెండుమూడు మార్లు కొని అమ్మువానిని తినివేయును. పై లెక్క ప్రకారమే అదే సొమ్మును పదిమార్లు త్రిప్పినచో, ధర యెటును మారకున్నను, పదివేలలో అతని చేతియందు మిగులునది సుమారు 6,580 రూపాయలు. పోయిన 3,420లో ఎనిమిది వందల చిల్లర మాత్రము టి.డి.ఎస్. రూపమున ప్రభుత్వము వద్ద నుండును. తక్కిన రెండు వేల ఆరు వందల రూపాయలు తిరిగి రావు. "నేను మంచి నాణెమునే యెంచుకొంటిని, ధరయు పడలేదు, ఐనను నా సొమ్ము ఎట్లు తరిగినది?" అని యువకులు తికమకపడుటకు కారణమిదియే. రుసుములు తక్కువగల సంస్థలో ఈ లెక్క కొంత తేలికపడును. ధరల తేడా తక్కువగల నాణెములో మరికొంత తేలికపడును. ఐనను టి.డి.ఎస్. ఒక్కదానినే చూచినను, ఒకే మొత్తమును నూరుమార్లు అమ్మి కొన్నచో నూటికి అరువది మూడు రూపాయలు వ్యాపారమునుండి తొలగి పన్ను ఖాతాలో కూర్చుండును.

ఇప్పుడు అన్నిటికంటె పెద్దదియు, అన్నిటికంటె తక్కువ మందికి తెలిసినదియు నగు ఖర్చును గూర్చి చెప్పవలసియున్నది. అది ఆదాయపు పన్ను. 2022 ఏప్రిల్ 1 నుండి ఈ నాణెముల బదిలీపై వచ్చు లాభమునకు నూటికి 30 చొప్పున పన్ను విధింపబడుచున్నది. దానిపై నూటికి 4 చొప్పున సెస్సు. కలిపి నూటికి 31 రూపాయల 20 పైసలు. సాధారణ ఆదాయమునకు గల కనీస మినహాయింపు పరిమితి దీనికి వర్తింపదు. వ్యవసాయ ఆదాయమునకు కేంద్ర ఆదాయపు పన్ను లేదు గనుక మన రైతు కుటుంబములలో చాలమంది రిటర్ను అను మాటయే ఎరుగరు. అట్టి కుటుంబములోని పిల్లవాడు నాణెముపై అయిదు వేలు లాభము చూచినను పన్ను లెక్కలోనికి వచ్చును.

ఇంతకంటె కఠినమైన నిబంధన మరియొకటి కలదు. ఒక నాణెముపై వచ్చిన నష్టమును మరియొక నాణెముపై వచ్చిన లాభములోనుండి తీసివేయుటకు వీలులేదు. ఇతర ఆదాయములోనుండియు తీసివేయరాదు, వచ్చు సంవత్సరమునకు తీసికొనిపోరాదు. ప్రత్తిలో పోయినది మిరపలో పూడుచుకొనుట మన రైతునకు అలవాటైన సంగతి. ఏడాది చివర రెండును కలిపియే లెక్క చూచుకొనును. ఇక్కడ ఆ లెక్క చెల్లదు. ఒక యువకునికి ఒక నాణెముపై 40,000 లాభమును, మరియొక దానిపై 50,000 నష్టమును వచ్చినవనుకొనుడు. ఏడాది మొత్తముమీద అతడు పదివేలు పోగొట్టుకొన్నవాడు. ఐనను లాభించిన నలుబది వేలపై 12,480 రూపాయల పన్ను కట్టవలెను. అంటే పోయిన పదివేలు, పన్ను పండ్రెండు వేల నాలుగు వందల ఎనుబది, వెరసి 22,480 రూపాయల నష్టము.

కొన్న ధర దప్ప వేరే ఖర్చు ఏదియు లాభములోనుండి తీసివేయరాదనియు చట్టమున కలదు. అమ్మకపు రుసుము గాని, ఇంటర్నెట్టు ఖర్చు గాని, తెచ్చిన అప్పుపై వడ్డీ గాని లెక్కకు రావు. ఒక నాణెమునిచ్చి మరియొక నాణెమును పుచ్చుకొన్నను అది అమ్మకమే యగును. ఎద్దుకు ఎద్దును మార్చుకొన్నట్లు, "నేను రూపాయి ముట్టుకొనలేదు గదా" అనుటకు వీలులేదు. హెచ్చు ధరలో నున్నప్పుడు బిట్‌కాయిన్‌ను మార్చి మరేదో కొత్త నాణెము పుచ్చుకొని, ఆ కొత్త నాణెము కాస్త నేల కరచినను, మార్చిన నాటి లాభముపై పన్ను పడియేయుండును. చేతిలో సొమ్ము లేదు, తలపై పన్ను కలదు.

వడ్డీ మాట వచ్చినది గనుక దానిని ఇక్కడనే ముగింతము. ఈ వ్యాపారము అప్పుతో చేయబడుచున్నచో ఇంటివారు వెంటనే తెలిసికొనవలసిన సంగతి యిది. లక్ష రూపాయలు నూటికి రెండు రూపాయల ధర్మవడ్డీకి తెచ్చినచో ఏడాదికి వడ్డీ 24,000. ధర్మవడ్డీ యను పేరులో ధర్మమెంత యున్నదో అప్పు తీర్చినవారికి తెలియును. వడ్డీ మినహాయింపు లేదు గనుక, పన్ను కట్టిన పిదప 24,000 మిగులవలెనన్నచో లాభము సుమారు 34,900 రావలెను. అనగా ఏడాదిలో నూటికి ముప్పది అయిదు వంతుల లాభము వచ్చినను ఆ యువకుడు ఒక్క రూపాయియు ఆర్జింపలేదు. వడ్డీ వ్యాపారికిని పన్ను శాఖకును గుమాస్తాగా పనిచేసినాడంతే. స్వయం సహాయక సంఘములో గేదెకని, కుట్టుమిషనుకని తల్లి తీసికొన్న అప్పు ఈ దారి పట్టినచో వడ్డీ తక్కువే కావచ్చును గాని, వాయిదా నాటికి సమాధానము చెప్పుకొనవలసినది ఆ తల్లియు, ఆమెతోపాటు సంఘ సభ్యులందరును.

ధర ఎంత ఊగిసలాడునో తెలిసినగాని ఈ వడ్డీ లెక్క పూర్తిగా అర్థము కాదు. బిట్‌కాయిన్ 2021 నవంబరులో సుమారు 69,000 డాలర్లకు చేరినది. సరిగా ఏడాదికి, 2022 నవంబరులో, 16,000 డాలర్లకు దిగువకు పడినది. నాలుగవ వంతైనను మిగులలేదు. తరువాత మరల లేచి 2024 డిసెంబరులో మొదటిసారి లక్ష డాలర్లు దాటినది. సొంత సొమ్ము పెట్టి, ఆ సొమ్ము అవసరము లేనివాడు మూడేండ్లు ఓర్చుకొనగలిగెను. అప్పు తెచ్చినవాడు ఓర్చుకొనజాలడు. పడిన ధరకే అమ్మి వడ్డీ కట్టవలెను. కాబట్టి ఒకే నాణెమును ఒకే రోజున కొన్న ఇద్దరిలో ఒకడు బాగుపడుటయు, ఒకడు చెడుటయు కద్దు.

ఈ ఊగిసలాటను పదింతలు చేయు పద్ధతి మరియొకటి ఫ్యూచర్స్ అను పేర నడచుచున్నది. చేతిలో పదివేలుండగా లక్ష రూపాయల బేరము చేయనిచ్చెదమని సంస్థ చెప్పును. ధర నూటికి పది రూపాయలు ఎదురు తిరిగినచో, చాలమారులు అంతకు ముందే, పదివేలును హరించి బేరము తనంతట తానే మూసివేయబడును. ఆ తరువాత ధర తిరిగి లేచినను ఇతనికి సంబంధము లేదు. రుసుము తన పదివేలపై గాక లక్షపై లెక్కింపబడునని చాలమంది గమనింపరు. బేరము నిలిపి యుంచినందులకు గంటల లెక్కన, సాధారణముగా ఎనిమిది గంటల కొకసారి, ఇచ్చిపుచ్చుకొనవలసిన మొత్తము వేరే యుండును. దీనిని గూర్చి ఇంతకంటె వ్రాయనక్కరలేదు. జీతము మీద గాని పంట మీద గాని బ్రదుకువారు చేయవలసిన బేరము కాదిది.

నాణెమును ఒకచోట నుండి మరియొకచోటికి పంపుటకును ఖర్చు కలదు. మనియార్డరు రుసుము పంపిన మొత్తమునుబట్టి యుండును. ఇక్కడ అట్లు కాదు. ఆ వేళ రద్దీ ఎంత యున్నదో దానినిబట్టి యుండును. 2024 ఏప్రిల్ 20న బిట్‌కాయిన్ పంపుటకు అయిన రుసుము సగటున నూరు డాలర్లకు పైబడినది. మన సొమ్ములో అది ఎనిమిది వేల రూపాయలకు మించిన మొత్తము. అయిదు వేల విలువగల నాణెము ఆనాడు ఉన్నచోటనే ఉండిపోవలసినదే. చిరునామాలో ఒక్క అక్షరము తప్పినచో సాధారణముగా పంపుట జరుగదు. వేరొక చిరునామా పడినచో మాత్రము పోయిన నాణెమును వెనుకకు రప్పించు అధికారి ఎవరును లేరు.

ఇక ఆ సంస్థయే చెడినచో? మన బ్యాంకులలోని డిపాజిట్లకు అయిదు లక్షల రూపాయల వరకు బీమా కలదు. క్రిప్టో సంస్థలలోని నాణెములకు అట్టి రక్షణ లేదు. జపానులోని మౌంట్ గాక్స్ అను సంస్థ 2014లో లక్షలకొలది బిట్‌కాయిన్లు పోగొట్టుకొని దివాలా తీసినది. అమెరికన్లు నడిపిన ఎఫ్.టి.ఎక్స్. 2022 నవంబరులో కూలినది. మన దేశములో పెద్దవానిలో ఒకటియగు వజీర్ఎక్స్ నుండి 2024 జూలై 18న సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల నాణెములు దొంగిలింపబడినవి. ఖాతాదారుల నాణెములు స్తంభించిపోయినవి. సింగపూరు న్యాయస్థానములో వ్యవహారము నడచి, 2025 అక్టోబరులో గాని ఆ సంస్థ తిరిగి లావాదేవీలు ప్రారంభింపలేదు. పదునైదు మాసములు! కూతురి పెండ్లికని, కాలేజీ ఫీజునకని సొమ్ము అందులో నుంచినవారికి ఆ పదునైదు మాసముల ఖర్చును ఏ పట్టికయు చూపదు.

పల్లెలలో మరియొక ఇబ్బంది తలయెత్తుచున్నది. సంస్థతో పనిలేకుండ, ఊరు పేరు తెలియని కొనుగోలుదారునికి నాణెము నమ్మి, అతడు నేరుగా మన బ్యాంకు ఖాతాకు సొమ్ము పంపు పద్ధతి యొకటి కలదు. కొంచెము ఎక్కువ ధర వచ్చునని దీనికి ఆశపడుదురు. అట్లు వచ్చిన సొమ్ము ఎక్కడో ఎవరినో మోసగించి తెచ్చినదైనచో, పోలీసులు దాని జాడను పట్టుకొని వచ్చి మన ఖాతాను స్తంభింపజేయుదురు. నాణెము అప్పటికే చేయి దాటిపోయియుండును. ఆ ఖాతా తండ్రిదైనచో కిసాన్ సమ్మాన్ నిధి, ధాన్యము సొమ్ము, ఉపాధి కూలి అన్నియు అందులోనే చిక్కుకొనును. తాను నిర్దోషినని నిరూపించుకొనుటకు వేరొక రాష్ట్రపు పోలీసు ఠాణాతో ఉత్తర ప్రత్యుత్తరములు జరుపవలసి రావచ్చును. నూటికి రెండు రూపాయలు ఎక్కువకు ఆశపడి, విత్తనము వేయు వేళ ఎరువునకు సొమ్ము లేక నిలువవలసి వచ్చును. ఇంటి ఖాతాను ఈ పనికి ఇవ్వరాదని సభ్యులు నిర్మొహమాటముగా చెప్పవలెను.

పైన చెప్పినవన్నియు నిజమైన వ్యాపారములోని ఖర్చులు. బొత్తిగా నాణెమే లేని మోసములు వేరు. నెలకు ఇంతని ఖాయముగా ఇత్తుమనియు, మరి నలుగురిని చేర్చినచో కమీషను ఇత్తుమనియు చెప్పు పథకములు ఈ కోవలోనివి. 2015లో వెలసిన గెయిన్ బిట్‌కాయిన్ అను పథకము నెలకు నూటికి పది చొప్పున పదునెనిమిది నెలలు ఇత్తుమని ఆశ చూపి దేశమంతట జనమును ముంచినది. నకిలీ యాప్‌లో లక్షల లాభము అంకెలుగా కనబడుచుండును. తీసికొనబోయినచో "ముందు పన్ను కట్టుడు, అప్పుడు విడుదల చేయుదుము" అందురు. ఇచ్చట సభ్యులకు ఒక గుర్తు చెప్పవచ్చును. నిజమైన టి.డి.ఎస్. అమ్మిన సొమ్ములో నుండియే పట్టుకొనబడును. దానికై మన జేబులో నుండి వేరుగా సొమ్ము తెచ్చి యాప్‌వానికి కట్టుమని ప్రభుత్వము ఎన్నడును చెప్పదు. అట్లు అడిగినచో అది మోసమే. ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను. సొమ్ము ఇంకను ఏదో బ్యాంకు ఖాతాలో నున్నంతలోనే ఆపుటకు వీలుండును. మరునాటికి అది పది ఖాతాలు దాటును.

పంచాయతీ సభ్యుడు క్రిప్టో పండితుడు కానక్కరలేదు. తన వద్దకు వచ్చిన యువకుని కోప్పడి పంపివేసినచో అతడు మరునాడు ఆ వ్యాపారమును చాటుగా చేయును. అతనిని కూర్చుండబెట్టి, ఆ సంస్థ యాప్‌లో నుండి ఏడాది లావాదేవీల పట్టికను తీయించి చూడవలెను. ఈ పట్టికలను సంస్థలు ఖాతాదారులకు అందించును. బ్యాంకునుండి లోనికి పోయిన సొమ్మెంత, బ్యాంకునకు తిరిగి వచ్చిన సొమ్మెంత అను రెండు మొత్తములు మాత్రము కాగితముపై వ్రాయించిన చాలును. తెరపై పచ్చ రంగులో కనబడు లాభమును, ఎర్ర రంగులో కనబడు నష్టమును ప్రక్కన పెట్టి ఈ రెండు అంకెలను చూచిన యువకుడు చాలమారులు తానే లెక్క గ్రహించును. సంస్థ భారత ప్రభుత్వపు ఆర్థిక నిఘా విభాగములో నమోదైనదా లేదా అనియు అడుగవలెను. నమోదు ఉన్నంత మాత్రమున సొమ్ము భద్రమని కాదు. నమోదు లేనిచో అసలు ముట్టుకొనరాదు.

గ్రామ సభలో ఇతర విషయములు ముగిసిన తరువాత ఒక పావుగంట ఈ లెక్కను నల్లబల్లపై వేసి చూపుట మంచిది. పైన చెప్పిన పదివేల రూపాయల ఉదాహరణ అందుకు చాలును. ఊరి పాఠశాల లెక్కల పంతులుగారు సంతోషముగా సాయపడుదురు.

ఇదివరకే వ్యాపారము చేసి మానుకొన్నవారికి ఒక పని మిగిలియున్నది. వారి పేర పట్టుకొనబడిన టి.డి.ఎస్. సొమ్ము పన్ను శాఖవారి 26ఎ.ఎస్. పట్టికలో కనబడును. వారు చెల్లింపవలసిన పన్ను అంతకంటె తక్కువైనచో మిగిలినది తిరిగి వచ్చును. కాని అడుగనిదే రాదు. గడువులోపల రిటర్ను దాఖలు చేయవలెను. నష్టపోయితిమను సిగ్గుతో చాలమంది రిటర్ను వేయక ఊరుకొని, తమకు రావలసిన వేయి రెండు వేలను కూడ వదలుకొనుచున్నారు. లాభించిన నాణెములున్నచో వానిని దాచుటకు వీలులేదు. సంస్థ టి.డి.ఎస్. పట్టుకొన్ననాడే ఆ అమ్మకపు సమాచారము పన్ను శాఖకు చేరియుండును. రిటర్నులో ఈ నాణెములకై ప్రత్యేకముగా ఒక పట్టిక కలదు. అందులో ప్రతి బదిలీకిని కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ధర, అమ్మిన ధర వ్రాయవలెను. కావున సంస్థ మూతపడకముందే, ఫోను మారకముందే, ఆ లావాదేవీల పట్టికను కాగితముపై తీయించి, పొలము పాసు పుస్తకముతోపాటు ఇంటిలో భద్రపరచుకొనుట అవసరము.